వింజమూరు మెట్టలో మంచినీళ్లు: వాడ లెక్క ఎక్కడ?

నెల్లూరు అనగానే వరి పొలాలు గుర్తొస్తాయి. వింజమూరు, ఉదయగిరి వైపు అంతా మెట్ట. తాగునీటికి ఎక్కువగా బోర్లే దిక్కు; చాలా చోట్ల ఆ నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు గార, ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు ముప్పు. కాచినా పోదు. శుద్ధి ప్లాంటు పెట్టాలి, లేదా సోమశిల లాంటి జలాశయం నుంచి నీళ్లు తేవాలి.

జల్ జీవన్ మిషన్ (2019) లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. 600 మంది ఉన్న వాడకు 33,000 లీటర్లు. పైపులైను 30 ఏళ్లకు వేస్తారు. అప్పటికి జనం 900 అయితే 49,500 లీటర్లు కావాలి. ఇవాళ్టి తలలే లెక్కపెట్టి ట్యాంకు కడితే ముందు ఎండేది లైను చివరి కొళాయి. ఆ చివర ఎక్కువగా మన వాడే ఉంటుంది.

ఇది ఇంజనీర్ల వ్యవహారమని మేం వదిలేయలేం. 1985లో కారంచేడు దాడికి ముందు గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే.

అంచనా పత్రాన్ని గ్రామసభలో చదివించండి. వాడకు విడిగా వాల్వు అడగండి. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఎవరైనా వేస్తుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లు, జనాభాను బట్టి దళితులు ఉండాలి. కిట్లతో నీళ్లు పరీక్షించడానికి ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలి. వాళ్లలో మన వాడ వాళ్లు ఎందరో ముందు కనుక్కోండి.