స్పోర్ట్స్ కారు చెల్లెలు

పాల్వంచలో మా పిన్ని ఇంటికి వెళితే, పెరట్లో చింతచెట్టు పక్కన రేకుల షెడ్డులో ఒక తెల్ల అంబాసిడరు కనిపిస్తుంది. 1968 నాటిది. చూడ్డానికి మామూలు అంబాసిడరే. కానీ మా బాబాయి దగ్గర ఆ మాట అంటే ఊరుకునేవాడు కాదు. "అంబాసిడరు కాదే అమ్మాయ్, స్పోర్ట్స్ కారు చెల్లెలు" అనేవాడు. మేం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆ లావుపాటి బండికీ, గాలిలో జుట్టు ఎగురుతుంటే దొరబాబులు నడిపే కారుకీ చుట్టరికమేమిటి చెప్పండి?

తీరా చూస్తే, చుట్టరికం నిజమే!

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నగరంలో మోరిస్ గ్యారేజెస్ అనే సంస్థ ఉండేది. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఎం.జి. దాని మేనేజరు సెసిల్ కింబర్‌కి ఒక ఆలోచన వచ్చింది. 1928లో వచ్చిన మోరిస్ మైనర్ అనే చిన్న సంసారపక్షపు కారు తీసుకుని, దాని మీద తేలికైన చెక్క చట్రం కట్టించి, గుడ్డ తొడిగించి, మిడ్జెట్ అని పేరు పెట్టాడు. ఇంజను 847 సి.సి. మాత్రమే. ధర 175 పౌన్లు. అమ్మ పాత పట్టుచీర కత్తిరించి కూతురికి పరికిణీ కుట్టినట్టు, ఇంటి కారులోంచే పందెం కారు పుట్టింది. జమీందార్ల సరదా అనుకున్న స్పోర్ట్స్ కారు మధ్యతరగతి గుమ్మంలోకి వచ్చింది అలాగే.

తర్వాత మోరిస్ వాళ్లూ ఆస్టిన్ వాళ్లూ 1952లో వియ్యమందుకుని ఒకే కంపెనీ అయ్యారు. ఆ ఉమ్మడి కుటుంబంలో తయారైన 1489 సి.సి. ఇంజనే 1955లో ఎం.జి.ఏ. అనే అందమైన స్పోర్ట్స్ కారులో బిగించారు. లక్షకు పైగా కార్లు తయారైతే, వాటిలో చాలా భాగం అమెరికా వెళ్లిపోయాయి. అదే ఇంజను కాస్త నెమ్మదితనంతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడరుకీ వచ్చింది. అక్కకి రెండు కార్బురేటర్లు, చెల్లెలికి ఒకటి. అక్క గంటకు 100 మైళ్ల దరిదాపుల్లో పరుగెత్తితే, చెల్లెలు అత్తవారింటి కోడలిలా ఎనిమిది మందినీ, రెండు బియ్యం బస్తాలనీ మోసుకుంటూ 2014 దాకా వస్తూనే ఉంది.

బాబాయి ఆ చుట్టరికాన్ని పెరట్లోనే బయట పెట్టాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక బండిని ఇటుకల మీద నిలబెట్టి, చింతకొమ్మకి గొలుసు కప్పీ వేలాడదీసి, ఇంజను పైకి లేపాడు. ఊడదీసిన నట్లూ బోల్టులూ కిరసనాయిలులో కడిగి హార్లిక్సు సీసాల్లో పోస్తే, పిన్ని వాటికి ఊరగాయ జాడీలకి అంటించినట్టు చీటీలు అంటించింది. సిలిండర్లు రీబోరు చేయించారు. తుప్పు తిన్న అడుగు రేకు కోసి కొత్తది అతికించారు. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది కదా! పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోట అరుగుదలకి ఆ సీసమే కాపుదల. అందుకని అక్కడ గట్టి ఉక్కు సీట్లు వేయించారు. చివరికి హైదరాబాదు పాత సామాన్ల బజారులో వెదికి వెదికి జంట కార్బురేటర్లు తెచ్చాడు.

రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజను సుఖంగా నడుస్తుంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెట్టి, ఆ బుసబుస విని సరిచేయాలి. బాబాయి చెవికి అది పట్టుబడలేదు. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న పిన్ని వచ్చి, "ఎడమది అర వీసం ఎక్కువ" అంది. అంతే, శ్రుతి కలిసింది! ఆ రోజు ఆయన మొహం చూడాలి.

మూడేళ్లయింది, బాబాయి పోయి. ఇప్పుడు చర్చంతా మా తమ్ముడిదీ పిన్నిదీ. 2021లో కేంద్రం పాత వాహనాలకి కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని బండిని "వింటేజి"గా నమోదు చేయించుకోవచ్చు. నంబరు పలకలో వి.ఏ. అనే అక్షరాలు వస్తాయి. గౌరవమే! కానీ ఆ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. "జంట కార్బురేటర్లు తీసేసి అలా నమోదు చేయిద్దాం, విలువ పెరుగుతుంది" అంటాడు తమ్ముడు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూశారా? 1912 నాటిది, సింహాసనం లాంటి సీటుతో. తెప్పించుకున్న ఆరో నిజాం అది వచ్చేలోపే 1911లో కన్నుమూశాడు. ఇన్నేళ్లలో తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. బాగుచేసి మెరిపించి నిలబెట్టారు. చూసి ముచ్చటపడ్డాను, కానీ ఎందుకో జాలి కూడా వేసింది.

పిన్నికి కావలసింది పలక కాదు, భద్రాచలం. 1965లో గోదావరి మీద వంతెన రాకముందు రేవులో పడవెక్కి రాములవారి కల్యాణానికి వెళ్లిన మనిషి ఆమె. వంతెన వచ్చాక ఈ బండిలోనే, ఇప్పపూల వాసన వేసే అడవి దారిన, ఏటేటా వెళ్లారు ఇద్దరూ. కానీ ఒక చిక్కు ఉంది. పాత డ్రమ్ము బ్రేకులు వానకి తడిస్తే సరిగ్గా పట్టవు. పోయినేడు వర్షంలో బర్రెల మంద అడ్డొస్తే బండి ఆగీ ఆగక, జానెడు దూరంలో నిలిచింది. నేను వెనక సీట్లోనే ఉన్నాను, రామనామం దానంతటదే వచ్చేసింది.

"అక్కకి 1959లోనే ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు పెట్టారట పిన్నీ" అన్నాను. పాత కార్ల మీద అభిమానమున్న అంతర్జాతీయ సంఘం వాళ్లు 2013లో టురిన్ చార్టర్ అని ఒకటి ప్రకటించారు. మార్పు తప్పనిసరైతే, మళ్లీ వెనక్కి తీసుకోగలిగేలా చేయమని అందులో మాట. అది కూడా చెప్పాను.

పిన్ని కాసేపు ఆలోచించింది. "అక్క నగ చెల్లెలు పెట్టుకుంటే తప్పేముంది? వేయించండి. పాతవి మాత్రం పారేయొద్దు" అంది.

డిస్కులు వేయించాం. తీసిన డ్రమ్ములకి గ్రీజు పూసి, గోనె చుట్టి అటక మీద పెట్టింది పిన్ని. దాని మీద చీటీ కూడా అంటించింది: "మీ బాబాయివి. ఎప్పుడైనా మళ్లీ బిగించవచ్చు."

మొన్న శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లొచ్చాం. వంతెన మీద తమ్ముడు బండి నెమ్మది చేస్తే, పిన్ని చెవి ఒగ్గి విని, "ఎడమది కాస్త ఎక్కువైందిరా" అంది.