గొంతులు ఎన్నో, కాగితం ఒక్కటే

మన పాట ఒక్కరిది కాదు. ఆదిలాబాద్ గోండులకు వంశగాథలు పాడి వినిపించే ప్రధాన్లలో ఒకరు కిక్రి వాయిస్తూ కథ ఎత్తుకుంటే, తోడున్నవారు వంత అందుకుంటారు. ఇన్ని గొంతులను ఒక్క కాగితం మీద ఎలా పెట్టాలి? ఈ ప్రశ్న మనకంటే ముందే ఇతరులకూ ఎదురైంది.

11వ శతాబ్దంలో ఇటలీ సన్యాసి గీడో, గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1501లో వెనిస్‌లో పెత్రూచి బహుగళ గీతాలను అచ్చు వేశాడు. ఆ శతాబ్దంలో ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం ఉండేది. ఎవరి వంతు వారికే కనిపించేది, పాట మొత్తం ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. తర్వాత గొంతులన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చే స్కోరు స్థిరపడింది. 20వ శతాబ్దంలో లీడ్ షీట్ వాడుకలోకి వచ్చింది. అందులో ప్రధాన బాణీ, మాటలు, పైన కార్డు గుర్తులు, అంతే.

మన వైపు ముందు మాటే కాగితానికెక్కింది. గిడుగు వెంకట రామమూర్తి సవర భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇక బాణీ వంతు.

2002లో మొదలైన మ్యూజ్‌స్కోర్ ఉచిత సాఫ్ట్‌వేర్. ముందుగా ఒక్కో గొంతును విడి వరుసలో రాయాలి. పాడినవారికి వినిపించి సరిచూసుకోవాలి. ఆ తర్వాతే ఒక వరుసలోకి కలపాలి. ఒక వరుసలో నాలుగు గొంతుల దాకా పడతాయి. ముందుపాట స్వరాల కాడలు పైకి, వంత కాడలు కిందికి పెడితే, ముందుపాట ముగియకముందే వంత ఎక్కడ అందుకుందో కంటికి కనబడుతుంది. కార్డుల చోటు ఖాళీగా వదిలేద్దాం. మన పెద్దలు కార్డుల మీద పాడలేదు.

కలిపేటప్పుడే అసలు ప్రమాదం ఉంది. ఏ గొంతును పైన పెడతామో రేపు అదే 'అసలు పాట' అవుతుంది. వంతను తీసేస్తే మిగిలేది సగం పాటే. ఒక ఊరి బాణీ రాస్తే పక్క ఊరి బాణీ తప్పు అనిపిస్తుంది. స్వరాల మధ్య జారుడు గీతలకు పూర్తిగా చిక్కదు.

అందుకే యువతకు మనం చెప్పేది ఇది. కలిపిన కాగితంతో పాటు విడి వరుసల ఫైలునూ, అసలు రికార్డింగునూ దాచండి. పాడినవారి పేరు, ఊరి పేరు వారి అనుమతితో రాయండి. కాగితం గుర్తు చేయడానికే. పాట నేర్చుకోవాల్సింది మాత్రం అవ్వల, తాతల పక్కన కూర్చునే.