గెట్‌పాస్

వాడుకరిని పాస్‌వర్డ్ అడిగి, టైపు చేసే అక్షరాలు తెరపై కనబడకుండా చదివే ఫంక్షన్. సి భాషలో ఇది 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్‌లో వచ్చింది. పోసిక్స్ ప్రమాణం 2001లో దాన్ని తొలగించినా, అదే పేరుతో ఉన్న పైథాన్ మాడ్యూల్ నేటికీ వాడుకలో ఉంది.

మామూలు పాఠ్యం అడగడానికి పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్ చాలు. పైథాన్ 2లో ఆ ఫంక్షన్ వాడుకరి టైపు చేసినదాన్ని కోడ్‌గా తీసుకుని అమలు చేసేది. చాలా ప్రమాదకరమైన పద్ధతి అది. 2008లో పైథాన్ 3 దాన్ని సరిదిద్దింది.

ఇన్‌పుట్‌తో పాస్‌వర్డ్ అడిగితే అక్షరాలు తెరపై పడతాయి. నొక్కిన అక్షరాన్ని తిరిగి చూపేది నిజానికి టెర్మినల్ డ్రైవర్; ఆ పనికి ఎకో అని పేరు. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో గెట్‌పాస్ టెర్మినల్‌ను నేరుగా తెరిచి, ఎకోను ఆపి, ఒక వరుస చదివి, మళ్లీ పూర్వస్థితికి తెస్తుంది. ఈ చివరి మెట్టు తప్పితే, ఆ తర్వాత ఏ ఆదేశం టైపు చేసినా కనబడదు. చుక్కలైనా పడకపోవడంతో కీబోర్డు పనిచేయడం లేదేమోనని కొత్తవారు కంగారుపడతారు. అక్షరాలకు బదులు గుర్తులు చూపే వీలు పైథాన్ 3.14లో వచ్చింది.

ఎకోను ఆపలేని చోట మాడ్యూల్ హెచ్చరిక చూపుతుంది. అది కనబడితే పాస్‌వర్డ్ టైపు చేయకండి.