పాత సర్వర్ ఆపేసే ముందు కైఫీయతుల కథ

ఒకప్పుడు లెక్కలు తాటాకు కవిలెల్లో ఉండేవి. తర్వాత చిట్టా పుస్తకాల్లోకి, అక్కడి నుంచి కంప్యూటర్లోకి వచ్చాయి. బి. మల్లాపురంలో మా కొట్టు సర్వర్‌కి ఇప్పుడు వయసైపోయింది, తీసేస్తున్నాం. "అంతా పాతదే కదా, పోనీ" అనుకునే ముందు మన ప్రాంతం కథ ఒకటి తెలుసుకోవాలి.

మన ధర్మపురి ప్రాంతం అప్పట్లో బారామహల్‌లో భాగం. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి కంపెనీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో 1799 దాకా ఊరూరా భూములు కొలిపించి శిస్తు లెక్కలు రాయించారు. ఆ కాగితాలని మద్రాసు ప్రభుత్వం 1907 నుంచి అచ్చు వేయించింది. ఇవాళ ఎవరైనా చదవొచ్చు.

అన్ని కాగితాలకీ ఆ అదృష్టం పట్టలేదు. కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊళ్ళ కైఫీయతులు సేకరించారు. బొర్రయ్య 1803లో, మెకంజీ 1821లో పోయారు. మిగిలిన పని తాను చేస్తానని లక్ష్మయ్య అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఏ కాగితం ఎక్కడిదో తెలిసిన మనిషి బయటే ఉండిపోయాడు. కాగితాలు పురుగు పట్టి పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ పూనుకుని తెలుగు కైఫీయతులకి నకళ్ళు రాయించాడు. తెలుగు నేల మీద ఎన్నో ఊళ్ళ చరిత్రకి ఆ నకళ్ళే ఆధారం.

సర్వర్ విషయమూ అంతే. మిషన్ నడుస్తుండగానే, లెక్క రాసిన గుమాస్తా ఉండగానే నకలు తీయాలి. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు లెక్కలు ఉంచమంటుంది. ఆ తర్వాత కూడా అవి ఇంటికి కావాలి.

లెడ్జర్లని ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకునేలా పీడీఎఫ్‌గానూ, మామూలు పట్టికలుగానూ దింపుకోండి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగుని యూనికోడ్‌లోకి మార్చండి, లేదంటే ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతల్లా కనబడుతుంది. రెండు నకళ్ళు తీసి ఒకటి వేరే ఊళ్ళో పెట్టండి. వేరే కంప్యూటర్లో తెరిచి, ఒక ఏడాది మొత్తాలు పాతదానితో సరిచూశాకే సర్వర్ ఆపండి.

ఇంకో పని కూడా ఉంది. ఖాతాలో "పెద్దాయన" అంటే ఎవరు, "బొమ్మిడి పాత బాకీ" ఏమిటి అన్నది పక్కనే రాయించుకోండి. మన పిల్లలు బడిలో తమిళం చదువుతున్నారు. ఆ తెలుగు పేర్లు చదివి చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళని ఈ వారమే కూర్చోబెట్టి అడగండి.