మట్టి బురుజు నుంచి స్వరలిపి దాకా

కలకత్తా నగరానికి దక్షిణంగా, హుగ్లీ నది ఒడ్డున గార్డెన్ రీచ్‌ను ఆనుకొని ఉన్న మెటియాబ్రుజ్‌కు ఆ పేరు అక్కడి పాత మట్టి బురుజు వల్ల వచ్చింది. నేడు దర్జీల పేటగా పేరొందిన ఈ ప్రాంతం, పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో మూడు దశాబ్దాల పాటు హిందుస్తానీ సంగీతానికి ప్రధాన కేంద్రాలలో ఒకటి. ఆ కాలంలోనే కలకత్తాలో మరొక ప్రశ్న తలెత్తింది. వృత్తి కళాకారులు కాని కొందరు ఔత్సాహికులు కలిసి వాద్యాలు వాయించాలనుకుంటే వారికి తగిన సంగీతం కాగితం మీద ఎక్కడ దొరుకుతుంది?

ఈ ప్రశ్న భారతదేశానికే పరిమితం కాదు. జంట రెల్లు పీకతో ఊదే ఐరోపా వాద్యం ఓబో. 1749లో లండన్‌లో బాణసంచా ఉత్సవానికి హాండెల్ రచించిన సంగీతంలో 24 ఓబోలు మోగాయి. కాని ఇద్దరు ముగ్గురు ఔత్సాహికులు మాత్రమే కూడినప్పుడు అంతటి రచన వారికి పనికిరాదు. రెండు ఓబోలకు, ఒక ఇంగ్లీషు హార్న్‌కు బీథోవెన్ కూర్చిన త్రయం వంటివి ఉన్నా, అవి ఆరితేరిన చేతులను కోరుతాయి. అందువల్ల చిన్న బృందాలు ఇతర వాద్యాల రచనలను తమ శ్రుతికి, తమ శక్తికి తగినట్లు మార్చి రాసుకోవలసి వస్తుంది. ఐరోపాలో అలా మార్చుకోవడానికైనా రాతలో ఉన్న సంగీతం అందుబాటులో ఉండేది. ఓబోకు జ్ఞాతులైన షెహనాయి, నాదస్వరాలకు మన దేశంలో ఆ ఆధారం లేదు. వాటి సంగీతమంతా గురువు ఊపిరిలో, శిష్యుని చెవిలో నిలిచింది.

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్నది. పదవీచ్యుతుడైన నవాబు వాజిద్ అలీ షా అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరాడు. 1857 తిరుగుబాటు కాలంలో ఫోర్ట్ విలియంలో నిర్బంధితుడై, 1859లో విడుదలైన తరువాత, ఏటా 12 లక్షల రూపాయల భరణంతో మెటియాబ్రుజ్‌లో లక్నోను తలపించే ఒక చిన్న నగరాన్ని నిర్మించుకున్నాడు. బాల్యంలో కొన్నేళ్లు అక్కడ గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ తన రచనల్లో ఆ వైభవాన్ని వర్ణించాడు. రాజభవన ద్వారం మీద నౌబత్‌ఖానా ఉండేదని, పాత పద్ధతిలో అక్కడ గడియలు మోగేవని ఆయన పేర్కొన్నాడు.

నౌబత్ అంటే షెహనాయి, నగారాల కలయిక. వేళకు తగిన రాగమేదో, ఏ స్వరం దగ్గర ఎంతసేపు నిలవాలో ఆ వాద్యకారులకు ఏ కాగితమూ చెప్పనక్కరలేదు. రబాబ్ వాద్యంలో సుప్రసిద్ధుడైన బాసత్ ఖాన్, ఆయన వద్ద నేర్చిన సరోద్ విద్వాంసుడు నియామతుల్లా ఖాన్ వంటివారు ఈ కొలువులో ఉన్నారు. వారి విద్య కూడా ముఖతః సంక్రమించినదే. నవాబు స్వయంగా గీతకర్త. ‘నాజో’, ‘దుల్హన్’, ‘బనీ’ అనే గ్రంథాలలో పాటలను, నృత్యరీతులను గ్రంథస్థం చేశాడు. ఆ పుటలు సాహిత్యాన్ని నిలిపాయి. కాని వాటిని చూసి ఆ పాటను అప్పటి నడకలో ఎవరూ తిరిగి పాడలేరు.

మెటియాబ్రుజ్‌కు కొన్ని మైళ్ల ఉత్తరాన బెంగాలీ జమీందారుల భవనాలలో ఇందుకు భిన్నమైన అవసరం ఏర్పడింది. 1858 జూలైలో పైక్‌పాడా రాజుల బెల్గాచియా ఉద్యానభవనంలో ‘రత్నావళి’ నాటకాన్ని ప్రదర్శించారు. అంతకు ముందు ఎనిమిదేళ్లు మద్రాసులో గడిపి వచ్చిన మైకేల్ మధుసూదన్ దత్తు దీనిని ఆంగ్లీకరించాడు. ఈ ప్రదర్శన కోసం విష్ణుపురం సంప్రదాయానికి చెందిన క్షేత్రమోహన్ గోస్వామి, జదునాథ్ పాల్‌తో కలిసి దేశీయ వాద్యబృందాన్ని తీర్చిదిద్దాడు. ఒక్క విద్వాంసుడు మనోధర్మంతో వాయించేటప్పుడు లేని చిక్కు ఇక్కడ ఎదురైంది. పలువురు ఒకే వరుసను, ఒకే లయలో, ఒకేసారి ఎత్తుకొని ఒకేసారి ముగించాలి. అందుకు జ్ఞాపకం ఒక్కటే చాలదు.

ఆ అవసరంలోంచి దండమాత్రిక స్వరలిపి ఎదిగింది. స్వరాలను బెంగాలీ అక్షరాలతో రాసి, వాటిపై నిలువు గీతలతో మాత్రలను సూచించడం దీని పద్ధతి. 1860ల చివర గోస్వామి ప్రకటించిన ‘ఐకతానిక స్వరలిపి’ వాద్యబృందాల కోసమే సిద్ధమైన గ్రంథం. ఆయన శిష్యుడు సౌరీంద్రమోహన్ ఠాకూర్ 1871లో బెంగాల్ సంగీత పాఠశాలను స్థాపించి ఈ లిపిని బోధనలోకి తెచ్చాడు. ఉస్తాదు ఇంట ఏళ్ల తరబడి సేవ చేసే వీలులేని గుమాస్తాకు, విద్యార్థికి సంగీతం అందుబాటులోకి రావడానికి ఇది దారి తీసింది.

ఈ లిపిపై వివాదమూ చెలరేగింది. బెంగాల్ విద్యాశాఖలో పాఠశాలల పర్యవేక్షకుడు, వృక్షశాస్త్రవేత్త అయిన చార్లెస్ బ్యారన్ క్లార్క్ 1874లో ఐరోపా అయిదుగీతల స్వరలిపినే అనుసరించాలని వాదించాడు. ప్రతి జాతి సంగీతానికి దాని స్వభావానికి తగిన లిపి ఉండాలని ఠాకూర్ బదులిచ్చాడు. కృష్ణధన్ బందోపాధ్యాయ వంటి బెంగాలీ పండితులే అయిదుగీతల పద్ధతిని సమర్థించినందువల్ల దీనిని కేవలం పాలకులకు, పాలితులకు మధ్య తగవుగా చూడలేము. లిపి ఎవరికి ఉపయోగపడాలి, దేనిని నిలపాలి అన్నదే అందులోని అసలు ప్రశ్న.

1887 సెప్టెంబరులో వాజిద్ అలీ షా కన్నుమూశాడు. 1864లో తాను నిర్మించిన సిబ్తైనాబాద్ ఇమాంబాడాలోనే ఆయనను ఖననం చేశారు. కొలువు రద్దయింది; ఆస్తులు అమ్ముడుపోయాయి; కళాకారులు చెదిరిపోయారు. శిష్యులు దొరికిన విద్య బ్రతికింది. నియామతుల్లా ఖాన్ వంశంలో సరోద్ కొనసాగింది. ఆయన కుమారుడు కరామతుల్లా ఖాన్ 1908లో ఉర్దూలో సంగీతగ్రంథం వెలువరించాడు. నౌబత్‌ఖానా వాద్యకారుల వరుసలకు అటువంటి గ్రంథకర్త లభించలేదు. గాయకుల కన్నా, తంత్రీవాద్యకారుల కన్నా ద్వారపు వాద్యకారుల స్థానం తక్కువగా భావించిన సమాజంలో, ఏది కాగితమెక్కాలో నిర్ణయించినది సంగీతపు విలువ ఒక్కటే కాదు.

ఈ సమస్యను తెలుగు లిపి ఎదుర్కొన్న తీరు ఇక్కడ గుర్తుచేసుకోదగినది. మద్రాసులో చిన్నస్వామి మొదలియారు 1890లలో దక్షిణాది కృతులను ఐరోపా స్వరలిపిలో ప్రకటించాడు. ఆయనకు తోడ్పడిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో వెలువరించాడు. స్వరాక్షరాలకు తోడుగా కంపితం, జారు వంటి గమకాలకు ప్రత్యేక చిహ్నాలను ఏర్పరచడం ఆ గ్రంథపు విశిష్టత. బెంగాల్ లిపి బృందం ఒక్కటిగా నడవడానికి మాత్రను పట్టుకున్నది. తెలుగు గ్రంథం సంప్రదాయం చెడకుండా ఉండడానికి గమకాన్ని పట్టుకున్నది. రెండింటికీ ఆధారం ఆనాడు సజీవంగా ఉన్న గురుముఖమే.

వాద్యబృందానికి తగిన సంగీతం సిద్ధంగా దొరకడం అరుదు. తెలిసినవారు ఉండగా, అవసరమున్నవారు పూనుకొని దానిని రాసుకోవాలి. మెటియాబ్రుజ్‌లో తెలిసినవారు ఉన్నారు, పోషకుడు ఉన్నాడు, ముద్రణ ఉన్నది. నౌబత్ వరుసలను రాయాలన్న అవసరం మాత్రం ఎవరికీ తోచలేదు. నేటికీ ఆలయాలలో, పెళ్లిపందిళ్లలో, దర్గాలలో సన్నాయి ఊదే కుటుంబాల వద్ద ఎక్కడా రాయని వరుసలు ఉన్నాయి. వాటిని ధ్వనిముద్రణతో పాటు స్వరలిపిలోనూ భద్రపరచే పని సంస్కృతీ సంస్థల ముందున్నది. ఆ పనిలో మొదట కూర్చోబెట్టి వినవలసినది వాద్యకారునే.