ఎడింబరో నగరమున శవ వాణిజ్యము: బర్క్, హేర్ ల దారుణోదంతము

స్కాట్లండు రాజధానియగు ఎడింబరో పందొమ్మిదవ శతాబ్దారంభమున వైద్యవిద్యకు యూరపు ఖండమంతటను పేరెన్నిక గన్న నగరము. శస్త్రవైద్యము నేర్వగోరు యువకులు నానాదేశములనుండి అచ్చటికి చేరుచుండిరి. డాక్టరు రాబర్ట్ నాక్స్ అను నొక్క యుపన్యాసకుని తరగతులకే 400 మందికి మించి వచ్చుచుండిరి. మానవశరీరమును కోసి చూడనిదే ఆ విద్య యలవడదు. కోయుటకు శవములు కావలెను. చట్టమో, ప్రధానముగా హత్యానేరమునకు ఉరితీయబడినవారి కళేబరములనే వైద్యుల కప్పగించుచుండెను. విద్యార్థుల సంఖ్య పెరిగినకొలదియు ఈ కొఱత దుర్భరమై, రాత్రివేళల సమాధులను త్రవ్వి క్రొత్త శవముల నెత్తుకొనిపోయి విక్రయించు చోరులు బయలుదేరిరి. మృతుల బంధువులలో కలిగినవారు సమాధులపై ఇనుప పంజరములు బిగించుకొనిరి. శ్మశానములలో కావలి గోపురములు లేచెను. దొంగసొత్తని యెఱిగియు కొనువారు విద్యాధికులు, గౌరవనీయులు నగుటచేత ఎవరును గట్టిగా విచారింపరైరి. రాబోవు ఘోరమునకు బీజ మీ యుపేక్షయందే పడినదని నా నిశ్చితాభిప్రాయము.

విలియం బర్క్, విలియం హేర్ ఉభయులును ఐర్లండు ఉత్తరభాగమునుండి కూలికై వలస వచ్చి, యూనియన్ కాలువ త్రవ్వకములో పనిచేసినవారు. నగరమున వెస్ట్ పోర్ట్ పేటలోని టానర్స్ క్లోజ్ అను ఇఱుకు సందులో హేర్, అతని భార్య మార్గరెట్ బీదసాదలకు రాత్రి బస యిచ్చి జీవించుచుండిరి. బర్క్, అతనితో కాపురముండిన హెలెన్ మక్‌డూగల్ అచ్చటికే చేరిరి. 1827 నవంబరులో ఆ యింట డొనాల్డ్ అను వృద్ధ సైనికుడొకడు రోగముచే మరణించెను. అతడు హేర్ కు 4 పౌండ్లు బాకీ. ఆ బాకీ రాబట్టుకొనుటకై మిత్రులిద్దరును శవపేటికలో తోళ్లు పదునుచేయు బెరడు నింపి పాతిపెట్టనిచ్చి, దాచిన కళేబరమును రాత్రి మోసికొనిపోయిరి. వారు వెదకినది శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడగు మన్రో శాలను. త్రోవలో నొక విద్యార్థి నాక్స్ శాలకు దారి చూపెను. అచ్చట 7 పౌండ్ల 10 షిల్లింగులు చేతబడెను. ఎచ్చటినుండి తెచ్చితిరని యడిగినవారు లేరు.

చచ్చినవాని దేహము ఇంత వెల పలుకునపుడు చావున కెదురుచూడనేల యను పాపచింత వారి మనస్సులలో ప్రవేశించినది. 1828వ సంవత్సరమున సుమారు పది మాసములలో 16 మంది వారి చేత హతులైరి. ఒంటరివారిని ఆదరముతో ఇంటికి పిలిచి, విస్కీ త్రాగించి, మత్తులో నున్నవారిపై నొకడు బరువుమోపగా నింకొకడు ముక్కును నోటిని మూసివేయుచుండెను. దేహముపై గాయ మగపడదు. వైద్యునికి సందేహము పుట్టదు. పింఛనుకై పట్టణమునకు వచ్చిన గిల్మర్టన్ గ్రామపు వృద్ధురాలు ఆబిగెయిల్ సింప్సన్, బూడిదలో బొగ్గు నేరుకొని బ్రతుకు నిరుపేద, ఒక ముదుసలియు ఆమె మనుమడును ఇట్లే బలియైరి. శీతకాలమున 10 పౌండ్లు, వేసవిలో 8 పౌండ్లు వెల. అక్టోబరులో జేమ్స్ విల్సన్ అను పదునెనిమిదేండ్ల అమాయకుని చంపిరి. వీధులలో తిరుగుచు అందఱి దయకును పాత్రుడైన ఆ మందబుద్ధి బాలుని విద్యార్థులు కొందఱు పోల్చిరనియు, నాక్స్ మాత్రము అతడు కాడని త్రోసిపుచ్చెననియు చెప్పుదురు.

వీరి పాపమును బయలుపెట్టినది రక్షకభట శాఖ కాదు, వైద్యులును కారు. ఆన్ గ్రే, జేమ్స్ గ్రే అను బీద దంపతులు. 1828 అక్టోబరు 31వ తేదీన బర్క్, మార్గరెట్ డోచెర్టీ యను ఐర్లండు స్త్రీని, తన తల్లియు ఆ యింటిపేరుదేయని నమ్మించి, అప్పటికి వేఱుగా నున్న తన బసకు తోడ్కొని వచ్చెను. అచ్చట తలదాచుకొనియున్న గ్రే దంపతులను ఆ రాత్రికి హేర్ ఇంటికి పంపివేసిరి. మఱునాడు మేజోళ్లకై ఆన్ మంచము కడకు పోబోగా బర్క్ కసరి వారించెను. అనుమానించిన దంపతులు సందు చూచి గడ్డి తొలగింపగా ముందునాడు తమతో నవ్వుచు మాటలాడిన స్త్రీ శవమై కనబడెను. హెలెన్ మోకరిల్లి, నోరు మెదపకున్నచో వారమునకు 10 పౌండ్లు లభింపగలవని వేడుకొనెను. పిల్లవానితో పూటకు గతిలేక తిరుగుచుండిన ఆ దంపతులు ఆ ధనమును తృణీకరించి రక్షకభటుల కడ కేగిరి. ఈ కథలో నేను తలయొగ్గి నమస్కరింపదగిన వారు వీరిద్దరే. భటులు వచ్చునప్పటికి శవము తేయాకు పెట్టెలో నాక్స్ శాలకు చేరియుండెను; జేమ్స్ అచ్చటికి పోయి గుర్తించెను.

అయినను అది హత్యయని వైద్యులు నిశ్చయముగ చెప్పజాలకపోయిరి. ప్రభుత్వ న్యాయవాది సర్ విలియం రే గత్యంతరము లేక హేర్ ను అప్రూవరుగా చేసికొని ప్రాణభిక్ష యిచ్చెను. డిసెంబరు 24వ తేదీ ఉదయ మారంభమైన విచారణ రాత్రియంతయు సాగి, క్రిస్మస్ నాటి ప్రాతఃకాలమున ముగిసెను. జూరీ 50 నిమిషములలో బర్క్ ను దోషిగా నిర్ణయించెను. హెలెన్ పై నేరము రుజువు కాలేదనెను. 1829 జనవరి 28న ఇరువదివేలకు మించిన జనసమూహము చూచుచుండగా బర్క్ ను ఉరితీసిరి. న్యాయస్థానపు టాజ్ఞ ననుసరించి అతని దేహమును కోసినవాడు ఆచార్య మన్రోయే. ఆ యస్థిపంజరము నేటికిని ఎడింబరో విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో నున్నది. హేర్ ఫిబ్రవరిలో విడుదలయై దేశముదాటి కనుమఱుగయ్యెను.

నాక్స్ పై అభియోగమే లేదు. జనులు అతని యింటిముందు దిష్టిబొమ్మను దగ్ధము చేసిరి. విచారణసంఘ మొకటి అతనికి హత్యలు తెలియవనియు, జాగ్రత్త చాలదనియు తేల్చెను. తెలియకపోవుట వేఱు, తెలిసికొన నొల్లకుండుట వేఱు. రెండవ దోషమునుండి అతనిని విముక్తుని చేయుటకు నాకు మనస్కరింపదు. 1832లో పార్లమెంటు శరీరనిర్మాణ శాస్త్ర చట్టమును చేసి, పేదల ఆశ్రమములలో మరణించి, అడుగువారు లేని బీదల దేహములను వైద్యశాలలకు విడిచిపెట్టినది. శవచోరుల వ్యాపార మంతరించెను. కాని బర్క్, హేర్ లు ఏ నిరుపేదలను అడుగువారు లేరని యెన్నుకొనిరో, విద్యకు కావలసిన మూల్యమును చట్టము కూడ ఆ నిరుపేదలనుండియే వసూలు చేసినది. అది న్యాయము కాదు.