ఫాంట్ స్మూతింగ్ - తెలుగు లిపి

కంప్యూటర్ తెర మీద అక్షరం అంచులు మెట్లుమెట్లుగా కనబడకుండా, అంచున ఉన్న పిక్సెళ్లకు నలుపు తెలుపుల నడిమి ఛాయలు అద్ది గీతను నునుపు చేసే పద్ధతి ఫాంట్ స్మూతింగ్. సాంకేతిక గ్రంథాల్లో దీన్ని యాంటీ ఎలియాసింగ్ అంటారు. ఎల్‌సీడీ తెరలు వచ్చిన తర్వాత ఇది చదవడాన్ని నిజంగా సులువు చేసిందా, లేక చూపుకు ఇంపుగా మాత్రమే ఉందా అన్నది పాతికేళ్లుగా నలుగుతున్న చర్చ. ఆ చర్చలో ముందుకు వచ్చిన పరిశోధనలు ప్రధానంగా రోమన్ లిపి మీద జరిగినవి. తెలుగు లిపి నిర్మాణం వేరు కాబట్టి తీర్పు కూడా కొంత వేరుగా ఉండాలి. హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం ఈ తేడాను పరిశీలించడానికి అనువైన చోటు. అక్కడి సినిమా కార్యాలయాల్లో తెలుగు అక్షరం రెండు విధాలుగా తెరకెక్కుతుంది: మానిటర్ మీద చదువుకునే పాఠంగా ఒకటి, ప్రేక్షకుడి కోసం బొమ్మలో భాగమైపోయే టైటిల్‌గా మరొకటి.

పుట్టుక

అక్షరాన్ని బూడిదరంగు ఛాయలతో చూపవచ్చన్న ఆలోచన 1970లలోనే అమెరికా ప్రయోగశాలల్లో ఉంది. 1977లో ఫ్రాంక్లిన్ క్రో కంప్యూటర్ బొమ్మల్లో మెట్ల అంచులు ఎందుకు వస్తాయో వివరించాడు. 1980లో జాన్ వార్నాక్ అదే సూత్రాన్ని అక్షరాలకు వర్తింపజేస్తూ పత్రం ప్రచురించాడు. రెండేళ్ల తర్వాత అడోబీ సంస్థను స్థాపించినవారిలో ఆయనొకడు. అయితే ఆనాటి గాజు గొట్టం తెరల్లో ఎలక్ట్రాన్ పుంజం వేసే చుక్కే అంచుల్లో కొంత అలుక్కుపోయేది, కాబట్టి మెట్లు అంతగా కొట్టొచ్చినట్టు కనబడేవి కావు. ఎల్‌సీడీలో ప్రతి పిక్సెల్ కోసిన గడిలా స్పష్టంగా ఉంటుంది. 15 అంగుళాల తెర మీద 1024 అడ్డం, 768 నిలువు పిక్సెళ్లంటే అంగుళానికి సుమారు 85 మాత్రమే. సమస్య పదునెక్కింది ఈ చదును తెరలతోనే.

దానికి మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించిన జవాబు క్లియర్‌టైప్. ఎల్‌సీడీ పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు పక్కపక్కన నిలువుగా ఉంటాయి. ఒక్కో గడిని విడిగా వెలిగిస్తే (దీన్నే సబ్‌పిక్సెల్ పద్ధతి అంటారు) అడ్డం దిశలో తెరకు మూడింతల సూక్ష్మత వచ్చినట్టవుతుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో ఇది ఉన్నా, వాడేవారు తామే ఎంచుకోవాల్సి వచ్చేది. విస్టా నుంచి మాత్రం అడగకుండానే అమల్లో ఉంది. ఇక్కడ గమనించాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. ఎక్స్‌పీ కాలపు క్లియర్‌టైప్ నునుపంతా అడ్డం దిశకే పరిమితం. నిలువు దిశలో మెట్లు మెట్లుగానే మిగిలాయి. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ అనే అక్షరాలు గీసే వ్యవస్థతోనే నిలువు దిశలోనూ అంచుల్ని నునుపు చేసే వీలు విస్తృతంగా అందింది.

తెలుగు అక్షరం అవసరాలు

రోమన్ లిపిలో ఐ, ఎల్, ఎం, ఎన్ వంటి అక్షరాలకు నిలువు కాళ్లే ఆధారం. ఆ కాళ్ల మందం, వాటి మధ్య ఖాళీ సరిగా కనబడితే పదం పట్టుబడుతుంది. అడ్డం సూక్ష్మత మూడింతలైతే దానికి నేరుగా లాభం. తెలుగు అక్షరానికి గుండ్రని వంపులే ఒళ్లు. దాని మీద తలకట్టో గుడో, కింద వత్తో చేరి పదం పైకీ కిందికీ పెరుగుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒకే మూలాక్షరానికి రెండు వత్తులు పడతాయి. 16 పిక్సెళ్ల సైజులో మూలాక్షరానికి పోగా గుడికీ వత్తులకీ మిగిలేవి కొద్ది పిక్సెళ్లే. వంపు తిరిగే చోట, అంటే అక్షరం నెత్తి మీదా అడుగునా, కావాల్సింది నిలువు దిశ నునుపు. మొదటి తరం క్లియర్‌టైప్‌లో లేనిది సరిగ్గా అదే.

అలాగని అడ్డం నునుపు తెలుగుకు పూర్తిగా దండగ కాదు. ‘చ’కూ ‘ఛ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ తేడా చూపేది కిందికి దిగే చిన్న నిలువు గీత; దాని చోటు, మందం కుదరడంలో అడ్డం నునుపు సాయపడుతుంది. కానీ ‘ధ’ను ‘థ’గా మార్చేది నడుమనున్న చుక్క. ఆ చుక్కకు రెండు దిశల్లోనూ చోటు కావాలి. ఫిల్మ్‌నగర్ కార్యాలయాల్లో రోజూ వాడే ‘కథ’ అన్న మాటే చిన్న సైజులో ఆ చుక్క కోల్పోయి ‘కధ’లా కనబడే ప్రమాదం ఉంది. ఛాయలు అద్దినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా దక్కని చుక్క ప్రాణం పోసుకోదు; పలచని బూడిద మరకగా మిగులుతుంది.

యూనికోడ్ తొలి కూర్పులో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, విండోస్‌లో తెలుగు ఫాంటుగా గౌతమి వచ్చింది ఎక్స్‌పీతోనే. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు కూడా తొలితరం యూనికోడ్ తెలుగుకు ఆసరా అయ్యాయి. తర్వాత విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. ఇంగ్లీషుకు సరిపడే సైజులోనే తెలుగునూ పేర్చే వెబ్ పేజీల్లో తెలుగు పాఠం చిన్నబోవడం ఈ కాలమంతా కొనసాగిన ఇబ్బంది. దాన్ని స్మూతింగ్ కొంత కప్పిపుచ్చగలిగింది గాని తీర్చలేకపోయింది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పనిలో

మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలివచ్చిన క్రమంలో 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్, ఫిల్మ్ ఛాంబర్ కార్యాలయం చేరాయి. మద్రాసు రోజుల్లో టైటిల్ అంటే చిత్రకారుడి కుంచె. బాపు రాత ఎంత ప్రసిద్ధమంటే అది తర్వాత కంప్యూటర్ ఫాంటుగానూ అవతరించింది. చేతిరాత టైటిల్‌లో అంచు సహజంగానే నునుపు. దాన్ని ఫిల్మ్ మీదికి కెమెరా ఎక్కించేది. డీటీపీ వచ్చాక పబ్లిసిటీ డిజైన్‌లో అను ఫాంట్లు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఫొటోషాప్‌లో పేర్చిన అక్షరానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే నునుపుతో నిమిత్తం లేదు. షార్ప్, క్రిస్ప్, స్ట్రాంగ్, స్మూత్ అంటూ ఆ సాఫ్ట్‌వేరే సొంత ఎంపికలు ఇస్తుంది.

సినిమా టైటిళ్లలో సబ్‌పిక్సెల్ పద్ధతి పనికిరాకపోవడానికి గట్టి కారణమే ఉంది. ఎరుపు, నీలం అంచుల మీద ఆధారపడే ఆ కిటుకు ఒకానొక తెర గళ్ల అమరికకే కట్టుబడి ఉంటుంది. అదే అక్షరం ప్రొజెక్టర్‌కో, వేరే అమరిక ఉన్న ఓఎల్‌ఈడీ ఫోన్‌కో వెళ్తే రంగు అంచు రంగు మరకగానే కనబడుతుంది. పైగా టీవీ, యూట్యూబ్ ప్రసారాలకు వాడే వీడియో కుదింపులో వెలుగు కంటే రంగు సమాచారం తక్కువ సూక్ష్మతతో నిల్వ ఉంటుంది. ఇరు దిశల్లోనూ సగానికి కుదిస్తారు. రంగు అంచులు అక్కడే చెదిరిపోతాయి. అందుచేత ‘ఛాయాగ్రహణం’, ‘దర్శకత్వం’ అన్న కార్డులకు, సబ్‌టైటిళ్లకు రెండు దిశల్లోనూ పనిచేసే బూడిదరంగు నునుపే తగినది. స్క్రిప్టు చదివే మానిటర్‌కు తగిన పద్ధతి, థియేటర్ తెరకు తగిన పద్ధతి ఒకటి కాదని ఈ రంగం చెబుతోంది.

పరిశోధనలు చెప్పేదేమిటి

2004లో గుగర్టీ బృందం క్షణకాలం కనబడే పదాలను గుర్తించడంలో క్లియర్‌టైప్ మేలు చేస్తుందని చూపింది. 2006లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ డిల్లన్ బృందం రెండు ప్రయోగాలు చేసింది. స్ప్రెడ్‌షీట్లలో సమాచారం వెదికిన 26 మందిలోనూ, వ్యాసాలు చదివిన 25 మందిలోనూ వేగం పెరిగింది. తప్పొప్పుల్లో, కంటి అలసటలో మాత్రం తేడా రాలేదు. వ్యక్తికీ వ్యక్తికీ చాలా అంతరం ఉందని, అందరికీ ఇది మేలు చేయకపోవచ్చని వారే హెచ్చరించారు. 2008లో షీడీ బృందం జాగ్రత్తగా తీర్చిన బూడిదరంగు నునుపుతో క్లియర్‌టైప్‌ను పోల్చింది. స్పష్టతలోగాని, చదివే వేగంలోగాని, సౌకర్యంలోగాని చెప్పుకోదగ్గ మెరుగు కనబడలేదు.

ఈ ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అనుకోనక్కర లేదు. నునుపు బొత్తిగా లేని పాఠంతో పోలిస్తే లాభం కనబడుతుంది. మంచి బూడిదరంగు నునుపుతో పోలిస్తే రంగు గళ్ల కిటుకు అదనంగా ఇచ్చేది స్వల్పం. రోమన్ లిపికే ఇలా ఉంటే, అడ్డం సూక్ష్మత కంటే నిలువు సూక్ష్మత ఎక్కువ కోరే తెలుగుకు ఆ అదనపు లాభం ఇంకా తక్కువని లిపి నిర్మాణాన్ని బట్టి ఊహించవచ్చు.

ఆక్షేపణలు, సమాధానాలు

నునుపంటే మసకే కదా, పదునైన నలుపు గీతే కంటికి హాయి అన్నది మొదటి ఆక్షేపణ. నిలువు కాళ్లు పిక్సెల్ గడిలో సరిగ్గా ఇమిడేలా సరిదిద్దిన రోమన్ ఫాంట్ల విషయంలో దీనికి బలముంది. తెలుగు వంపు మాత్రం ఏ గడిలోనూ సరిగ్గా ఇమడదు. నునుపు తీసేస్తే పదును రాదు, విరిగిన మెట్లు వస్తాయి. రెండోది, అంగుళానికి 300 పిక్సెళ్లు దాటిన ఫోన్లు వచ్చాక ఈ చర్చే పాతబడిందన్న మాట. ఫోన్ల వరకు అది చాలామటుకు నిజం. ఆపిల్ 2018లో మాక్‌ఓఎస్ మోజావే కూర్పుతో సబ్‌పిక్సెల్ నునుపును పక్కనపెట్టడానికి నేపథ్యం కూడా సాంద్రత పెరిగిన తెరలే. కానీ కార్యాలయాల్లో సాధారణమైన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద అంగుళానికి ఉన్నవి 92 పిక్సెళ్లే. స్క్రిప్టు టైపు చేసేవారికి, సబ్‌టైటిళ్లు సరిచూసేవారికి సమస్య తీరలేదు. మూడోది, చదివేవారే నునుపు బాగుందంటుంటే ఇంకేం కావాలన్న ప్రశ్న. నచ్చడం వేరు, తప్పులేకుండా వేగంగా చదవగలగడం వేరు; షీడీ బృందం ఫలితాల్లోనూ మితమైన రంగు నునుపును చాలామంది మెచ్చారు, వేగం మాత్రం పెరగలేదు.

కాబట్టి తీర్పు ఇది. చదును తెరల మీద తెలుగుకు ఫాంట్ స్మూతింగ్ మేలే చేస్తుంది, కానీ అది నిలువు దిశలోనూ పనిచేయాలి, వత్తుకూ చుక్కకూ చాలినన్ని పిక్సెళ్లు ముందే ఉండాలి. అవి లేనిచోట ముందుగా పెంచాల్సింది అక్షరం సైజు, వరుసల మధ్య ఎడం. తెలుగు చదువరుల మీదే, తెలుగు పాఠంతోనే విస్తృతంగా ప్రయోగాలు జరిపి ఈ తీర్పును పరీక్షించడం మన విశ్వవిద్యాలయాలు చేపట్టదగిన పని.